శివారు షరతు

ముమ్మిడివరం బళ్ళో దాన్ని అవధి అన్నారు.
చేరక్కర్లేదు, ఎంత దగ్గరికి రమ్మంటే
అంత దగ్గరికి రాగలిగితే చాలంది వరహాలమ్మ టీచరు,
కిటికీలోంచి బోదెలో కొంగని చూపించి.

అమలాపురం డిగ్రీలో అదే లిమిట్ అయింది.
మొదటి ఏడాదంతా నేను పాఠం వినలేదు,
తర్జుమా చేసుకున్నాను.
అవకలజం డెరివేటివ్, సదిశ వెక్టర్.
రెండు పడవల్లో చెరో కాలూ పెట్టి
మూడేళ్ళూ రేవు దాటాను.

రాజమండ్రిలో ఎమ్మెస్సీ. అప్లైడ్ మ్యాథ్స్.
"దేనికి అప్లై చేస్తారే?" అనడిగింది పిన్ని
షెడ్డులో రొయ్యల తలలు తీస్తూ.
చెప్పలేకపోయాను.
ఉద్యోగానికేమో అనుకుంది తను.

హాస్టల్లో జరీనా నిద్రలో లాప్లాస్‌ని గొణిగేది.
మెస్సులో చారు చల్లారే తీరుకి
సమీకరణం రాసి, చల్లారాక తాగేవాళ్ళం.
ఒక లెమ్మా పదకొండు రోజులు ఏడిపించి
రావులపాలెం వంతెన మీద, బస్సులో,
కండక్టరు చిల్లర ఇస్తుంటే విడిపోయింది.
ఆ చిల్లర తీసుకోవడం మర్చిపోయాను.

ప్రాజెక్టు: కాలువలో నీటిమట్టం.
పైకొసన ధవళేశ్వరం ఇచ్చేది,
కిందికొసన సముద్రం ఒప్పుకునేది,
మధ్యన లెక్క మనది, అన్నారు భానుమూర్తి మాస్టారు.
పుస్తకంలో బౌండరీ కండిషన్.
మా వైపు దాన్ని శివారు అంటారు.

లాకు దగ్గర లస్కరు మల్లాడి కొండలరావు గారు
పందొమ్మిదేళ్ళ రిజిస్టర్లు దులిపి ఇచ్చారు.
పొద్దున్న ఆరు, సాయంత్రం ఆరు.
మూడు రంగుల సిరా, ఒకచోట నలిగిన దోమ,
ఒకచోట మార్జిన్లో కూతురు పుట్టిన తారీఖు.
"అన్నీ అడుగులూ అంగుళాలేనమ్మా,
నీకు మీటర్లు కావాలేమో" అన్నారు, తప్పు చేసినట్టు.

పదకొండు వేల పైచిలుకు అంకెలు టైపు చేశాను.
గీత కూర్చుంది.
చుక్కలు దాని చుట్టూ తూనీగల్లా వాలాయి,
కొన్ని తప్ప.
ఏటేటా దాళ్వా చేను పొట్ట మీదున్నప్పుడు,
వంతులు పెట్టిన వారాల్లో,
తెల్లారేసరికి నాలుగంగుళాలు తక్కువ.
రాత్రి ఏ తూమూ ఎత్తినట్టు రాసి లేదు.
ఆవిరి కాదు. ఊట కాదు.
రెండు నెలలు నా సమీకరణాన్నే తిట్టుకున్నాను.
"అవుట్‌లయర్లు. తీసెయ్" అన్నారు మాస్టారు.

తీసేముందు వెళ్ళి అడిగాను.
కొండలరావు గారు లాకు తలుపుకి గ్రీజు రాస్తున్నారు.
అడిగాక కూడా చాలాసేపు రాశారు.
"శివారు చేలమ్మా. వంతొచ్చేదాకా ఆగవు.
రాత్రి రెండింటప్పుడు ఓ చుట్టు తిప్పేవోణ్ణి.
నీళ్ళు దొంగిలించాను గానండి, గేజీ మాత్రం
ఒక్కనాడూ అబద్ధం రాయలేదు.
దాంతోనే దొరికిపోయేను చూడు."
నవ్వారు. జూన్‌లో ఆయన రిటైర్మెంటు.

వైవాలో బయటి ఎగ్జామినరు
పెన్ను కొసతో సరిగ్గా ఆ చుక్కల్నే పొడిచారు.
"వీటినెందుకు ఉంచావు?"
గేజీ నిజమే చెప్పింది సార్.
"అయితే కారణం?"
గోడ మీద ఫ్యాను
ఇటు నుంచి అటు తిరిగి, మళ్ళీ ఇటొచ్చింది.

ఈ ఐదేళ్ళలో తెలియని వాటికి
తెలిసినట్టు ఎన్నిసార్లు తలూపానో.
తెలిసినదాన్ని తెలీదనడం అదే మొదలు.
ఆరు మార్కులు పోయాయి.

అరవై రెండో పేజీలో ఉన్నాయవి ఇప్పటికీ,
గీతకి కింద, ఎవరూ కలపని చుక్కలు.
ఆ రాత్రుల్లో ఎవరి మడి తడిసిందో,
ఏది ఈనిందో,
నా దగ్గర అంకె లేదు.