గుప్పెడు పసుపు

ఎస్తేర్ మేడం వ్యాగనార్ మళ్లొచ్చింది.
రేడియేటర్‌కు అతుకేసి, వాటర్ పంపు మార్చి,
ఆకుపచ్చ కూలెంట్ నిండా పోసి పంపి
పది దినాలు గాలేదు.

"కారుడైతే ఆగింది గానీ ఎల్లేశం,
హీటర్ ఏస్తే ఐసు గాలి కొడుతుంది" అన్నది.
నవ్వొచ్చింది నాకు.
హైదరాబాదుల హీటర్ ఎవలడుగుతరు?
ముప్పై ఏండ్ల సంది ఈ కవాడిగూడ గల్లీల
ఏసీ చల్లగ లేదని కొట్లాడినోళ్లనే చూసిన.

ఆమె ఎనుక తలుపు తీసింది.
ఐదు తువాళ్లు, ఒంటి చెప్పు,
తడారని ఈత టోపీలు.
పొద్దుగాల ఐదింటికి నలుగురు పిల్లలను కొలనుల దించుతదట,
డిసెంబరు నెలల.
ఒడ్డెక్కినంక పండ్లు టకటక కొట్టుకుంటుంటే
ఇండ్లల్ల దింపేదాక
ఈ డొక్కు బండే వాళ్లకు కుంపటి.

నవ్వు మింగిన.

ముందుగాల గాలి అనుకున్న.
నీళ్లు మార్చినప్పుడు పైపుల గాలి చిక్కుతది,
కడుపుల వాయువు లెక్క ఒక మూలకు పడి కూసుంటది,
వేడిని ముంగటికి పోనియ్యది.
గల్లీ ఎత్తు దిక్కు మూతి పెట్టి నిలబెట్టిన.
మూత తీసి, ఇంజన్ నడిపిచ్చి, హీటర్ మొత్తం తిప్పి
పైనున్న పైపును పిసికితే
బుడుగు బుడుగుమని నాలుగు బుడగలు.
ముజ్జు సంబురపడ్డడు. "నికల్ గయా ఉస్తాద్!"
ఉరికి పోయి లోపల చెయ్యి పెట్టిండు.
ఐసు.

సూది నడిమిట్ల నిలబడ్డది.
ఇంజన్ కాగింది. ఫ్యాను తిరుగుతుంది.
ఎటూ తెల్వనప్పుడు
నాకు పని నేర్పినాయన ఒక్కటే చెప్పేటోడు:
మీటరును అడగకు, చేతిని అడుగు.

ఇంజనుకెల్లి లోపలికి రెండే పైపులు.
ఒకటి పొయ్యేది, ఒకటి వచ్చేది.
పొయ్యేది పట్టుకున్న, చురుక్కుమన్నది.
వచ్చేది పట్టుకున్న,
రంజన్ నీళ్ల లెక్క ఉన్నది.

పోయిన వేడి తిరిగొస్తలేదు.
నడుమ ఎవలో తలుపేసిండ్రు.

క్లిప్పులు ఊడదీసి
వచ్చే దారికి నల్లా పైపు తగిలిచ్చి ఎదురు నీళ్లు కొట్టిన.
ముందు ఏం రాలే.
మల్ల ఒక దగ్గు.
మల్ల పసుపు.

తుప్పు కాదు, మట్టి కాదు,
పసుపు. ముద్దలు ముద్దలు.
ముజ్జు చెప్పుల మీద, నా ప్యాంటు మీద,
కార్ల కిందేసిన పట్టా మీద.

అప్పుడు యాదికొచ్చింది మే నెల.
ఉప్పల్ రోడ్డు మీద పొగలు కక్కి ఆగిన ఇదే బండి.
ఫోను చేస్తే స్కూటర్ మీద పోయిన.
పక్క కిరాణంల పది రూపాయల పసుపు పొట్లం కొని
గుప్పెడు రేడియేటర్ల పోసిన.
నిమిషంల కారుడు ఆగింది.
ఆమె దండం పెట్టినంత పని చేసింది.
తెగిన వేలుకు పసుపు, కడపకు పసుపు,
ఇనుముకెందుకు పనిచెయ్యదని
వారం దినాలు అందరికీ చెప్పుకుంట తిరిగిన.

ఓటిని పూడ్చిన పసుపే
వెంట్రుక సందులల్లకు పోయి పండుకున్నది.
పసుపుకేం తెలుసు
ఏది పుండో, ఏది నరమో.

చెప్పాల్నా వద్దా అని
మూడు బకెట్ల నీళ్లు ఆలోచించిన.
నాలుగోది తేటగ వచ్చింది.
"మేడం, ఇది నేను చేసిన పనే" అన్న.
ఆమె బురదను వేలితోని ముట్టి చూసింది.
"ఆ దినం ఇల్లయితే చేరినం కదా" అన్నది.
ఇంకేమన్న అంటదని నిలబడ్డ.
"ఎంత?" అన్నది.
కొత్త క్లిప్పుల పైసలు తీసుకున్న. అరవై.

తెల్లారి ఆరున్నరకు ఫోను.
మాట్లాడలే, ఊకె పట్టుకున్నది.
హీటర్ చప్పుడు. పిల్లల లొల్లి.
ఎనుక సీటుకెల్లి ఒక సన్న గొంతు:
"మిస్, కార్ల పప్పు వాసన వస్తుంది!"