గైర్హాజరు

నయీంనగర్‌ల, చెప్పుల దుకాణం మీది అంతస్తుల
మా కోచింగ్ సెంటర్.
గదులు మూడు, సార్లు ఐదుగురు.
ఆరో మనిషిని నేను. నాకు గది లేదు,
మెట్ల కింద జిరాక్సు మిషనుకూ నాకూ కలిపి ఒక్కటే ఫ్యాను.
జీతాల రిజిస్టరుల నా పేరు పక్కన
ఒక నెల 'ఆఫీసు' అని, ఒక నెల 'ఇతరములు' అని రాస్తరు.
ఇతరములే నిజం.

పొద్దుగాల ఆరింటికి షట్టరెత్తి
బోర్డు మీద గుండె బొమ్మ గీస్త,
ఎర్ర సుద్దతోని ధమనులు, నీలి సుద్దతోని సిరలు.
జువాలజీ సారు వచ్చి కర్ర పెట్టి చూపిస్తడు.
ఆయన గీస్తే గుండె వంకాయ లెక్క వస్తది, పాపం.

నిరుడు వానకాలం నాలా పొంగి
మెట్ల కింద మోకాలెత్తు నీళ్ళు నిలిస్తే
నాలుగు వందల జవాబు పేపర్లు ఇంటికి మోసుకపోయి
ఇస్త్రీపెట్టెతోని ఆరబెట్టిన.
ఒక పిల్లగానిది ఏడో జవాబు మాడింది.
వాని రెండు మార్కుల కోసం
సారు కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన.

ప్రశ్నపత్రాలు తెలుగుల కొట్టేది నేనే.
ఫిజిక్స్ సారు 'కాంతి పరివర్తనం' అని రాసిస్తడు.
పరావర్తనం సార్, అంట.
అదే గదమ్మా, అంటడు.
అదే గాదు.
అద్దానికి తగిలి ఎనుకకొచ్చుడు వేరు, మారుడు వేరు.
ఇంటర్ రెండో ఏడు ఫిజిక్స్ కాడనే నా చదువు ఆగింది.
ఆగినకాడిది బాగ గుర్తుంటది.

ఇగ గొంతు సంగతి.
రాని పిల్లల ఇండ్లకు తనంతట అదే ఫోన్ పోవాలె,
ఆడమనిషి గొంతైతే మంచిదన్నరు.
హైదరాబాద్‌ల ఒకామె మూడు వేలు అడిగిందట.
స్టోరు రూముల బొంత కప్పుకొని నేను చదివిన:
"నమస్కారం. మీ విద్యార్థి ఈ రోజు తరగతికి హాజరు కాలేదు.
దయచేసి కారణం తెలియజేయగలరు."
పుస్తకాల తెలుగు. కొత్త చెప్పు లెక్క కరిచింది.
పన్నెండోసారికి సాఫుగ వచ్చింది.
అప్పటిసంది నేను అంట్లు తోముకుంటున్నా సరే
ములుగుల, మహదేవపూర్‌ల, ఏటూరునాగారంల
ఎవరింట్లనో మాట్లాడుతనే ఉంట.

పోయిన నెల, పరకాల బస్సు.
ఫీజు వాయిదాది కొత్త కాయితం ఒళ్ళ పెట్టుకొని
"నమస్కారం, దయచేసి" అని గొణుక్కుంటాన్న.
పక్క సీటుల మిర్చి ఘాటు కొంగామె దిగ్గున తిరిగింది.
"మా నవత రాలేదని చెప్పేది నువ్వే గదా!"
కింది నుంచి మీదికి చూసింది.
"పేరేంది?"
స్వరూప, అన్న.
"గొంతు కంటె చిన్నగున్నవ్."
మల్ల అన్నది:
"నేను చెప్తనే ఉంటి గద బిడ్డా,
పత్తేరుడుకు కూలీలు దొరకలే, రెండొద్దులు పిల్లను ఆపుకున్న,
సోమవారం తోలుత అని.
మూడుసార్లు చెప్పిన. నువ్వు మల్లమల్ల అదే మాట అంటివి.
కోపమొచ్చిందేమో అనుకున్న."

ఆత్మకూరు దాటేదాక
నాకు మాట రాలే.

తెల్లారి మల్ల బొంత కప్పుకున్న.
"నేను స్వరూపను. మీ పిల్ల ఇయ్యాల రాలే.
ఇది మిషను, దీనికి చెవులు లేవు.
కారణం చెప్పాల్నంటే ఈ నంబరుకు చెయ్యుండ్రి."
నంబరు నాది.
"భాష బాగలేదు స్వరూపా" అన్నడు పెద్దసారు.
తీసెయ్యమని మాత్రం అనలే.

రాత్రి అన్నం ముందల కూసున్న. ఫోన్ మోగింది.
ఎడమ చేతితోని ఎత్తిన.
ఎవరో ముసలాయన, ఎనుక గాలి సప్పుడు, మేకలు.
"అమ్మా, ఇది మిషనా? మనిషా?"

నోట్లె ముద్ద ఉండె.
ఎంబడే జవాబు చెప్పలేకపోయిన.