గుండూ బాణమూ

పుస్తకంలో ప్రతి కూడలికీ ఒక చిన్న బొమ్మ.
నల్ల గుండు ఉన్నచోట మనం,
బాణం మొన దగ్గర మనం ఉండాల్సిన చోటు.
మధ్యలో ఉన్నదంతా నా పూచీ.

రాత్రి పదకొండున్నర. ఫిబ్రవరి. వేల్స్ నడిబొడ్డున వాన.
ముప్పై మూడులో పుట్టిన రైలీ కారు,
నాకంటే మూడు పదులు పెద్దది.
హీటరు లేదు, గేరుబాక్సే కుంపటి.
ఆరు వోల్టుల దీపాలు దారి చూపించవు,
దారి అంటూ ఒకటి ఉందని ఒప్పుకుంటాయి, అంతే.

స్టీరింగ్ దగ్గర ఇడ్వాల్.
నా ఒళ్ళో పటం, పటం మీద భూతద్దం,
మెడలో తాడుకి రెండు స్టాప్‌వాచీలు:
ఒకటి పందేనికి, ఒకటి నా అనుమానానికి.
గంటకి ఇరవై నాలుగు మైళ్ళు. తగ్గకూడదు, మించకూడదు.
ఆలస్యమైతే సెకనుకో పాయింటు పోతుంది,
తొందరపడితే రెండు.
ముసలి బళ్ళ పందెంలో
వేగిరపాటే పెద్ద నేరం.

"నూట యాభై గజాల్లో ఎడమ. వంతెన. వెంటనే కుడి.
గేటు. గొర్రెలు."
"గొర్రెలు పుస్తకంలో ఉన్నాయా?"
"లేవు. ముందున్నాయి."

నలభై ఏళ్ళుగా ఇతను ఈ కొండల్లో పశువుల డాక్టరు.
ఏ పెరట్లో ఏ కుక్క కరుస్తుందో తెలుసు,
ఏ గేటుని భుజంతో ఎత్తి తియ్యాలో తెలుసు.
నేను స్వాన్సీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని.
నాకీ కొండలు
కాగితం మీద గోధుమరంగు గీతలు.
అయినా ఒప్పందం ఒప్పందమే.
చేతులు అతనివి, మాట నాది.

పన్నెండూ పదికి
భూతద్దం కింద చెమ్మ చేరి
ఒక చుక్కల గీత రెండైంది.
"కుడి," అన్నాను.
అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి
(అది నాకు చాలాసేపటికి గాని గుర్తు రాలేదు),
ఆగి, కుడికే తిప్పాడు.

దారి నడుమ గడ్డి మొలిచింది.
కంచె మీద ఉండాల్సిన అక్షరం పలక లేదు.
మైలు పోయాక దారే లేదు. ఒక పాక, ఒక లాంతరు,
నైట్‌గౌను మీద రెయిన్‌కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు,
ఒక పెద్దావిడ.
"ఇడ్వాల్! నీకెవరు కబురు చేశారు?
అదింకా ఈనలేదే. రేపటిదాకా ఈనదు."

పేడలో చక్రాలు జారుతూ
వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి.
ఏడు నిమిషాలు.

"తెలిసే తిప్పావు కదా?"
పలకలేదు. వైపర్‌ని చేత్తో అటూ ఇటూ లాగాడు.
మళ్ళీ పెద్దదారి ఎక్కాక, చలికి ముక్కు తుడుచుకుంటూ:
"ఒక్కసారి నీ మాట దాటానంటే,
తర్వాతి కూడలి నుంచి నువ్వు పటం చూడవు, నెస్ట్.
నా మొహం చూస్తావు."

ఒళ్ళు మండింది.
ఆ ఒక్క మాటకి ఖరీదు నాలుగు వందల ఇరవై పాయింట్లు.
రొట్టెకి వెన్న రాసినట్టు ఎంత తేలిగ్గా చెప్పాడు!
టైము కంట్రోలు దగ్గర గొడుగు కింద వణికే కుర్రాడు
తడిసిన కార్డు మీద ముద్ర వేసి
"మీ వెనక ఇంకొకళ్ళు ఉన్నార్లెండి," అని ఓదార్చాడు.
అదీ మండింది.

పొద్దున హోటల్లో గోడకి అంటించారు ఫలితాలు:
నలభై నాలుగు బళ్ళలో మాది నలభై ఒకటి.
గుడ్డు చల్లారిపోతుండగా అతనికి ఫోను వచ్చింది.
ఆవు ఐదింటికే ఈనిందట. పెయ్య. "నాకూ లెక్క తప్పింది,"
అందట ఆ పెద్దావిడ.

కానీ నేను దాచుకున్నది అది కాదు.
రెండుంపావుకి, నెత్తిమీద మంచు కమ్మిన చోట,
పటంలో ఒకలా, ఎదుట మరోలా ఉన్న ఒక కూడలి.
పెన్సిలు కొరికీ కొరికీ నా పెదవి నల్లబడింది.
గీతలు లెక్కపెట్టాను. ఏటవాలు లెక్కపెట్టాను.
"ఎడమ," అన్నాను.
ఈసారి అతని చేతులు
ఆగాయో లేదో
నేను చూడలేదు.