నీళ్ళు మరిగేలోపు

బిష్కెక్‌లో ఒక బేస్‌మెంటు మాది.
ఇరవై రెండు కుట్టుమిషన్లు, ఒక్క ఇస్త్రీ బల్ల.
ఆ బల్ల నాది.
కిటికీలోంచి కాలిబాట మీది బూట్లు కనిపిస్తాయి.
బూట్లకి బురదుంటే వాన, తెల్లగా ఉంటే మంచు.
మాకు తెలిసే వాతావరణం అంతే.

గుడ్డ మీద గీతకి మావాళ్ళు సుద్ద వాడరు.
ఒళ్ళు రుద్దుకున్న సబ్బు అరిగరిగి
చేపపొలుసంత అయ్యాక దాచి తెస్తారు.
ఎండిన సబ్బు సన్నగా గీస్తుంది,
ఆవిరి తగలగానే మాయమవుతుంది.
మాయం చెయ్యడమే నా ఉద్యోగం.

మూడో వరస చివర సైరాగుల్.
కోట్లకి ఎడమ చేతులు మాత్రమే కుడుతుంది.
ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు,
రావడానికి రెండు మినీబస్సులు.
ఒకనాడు ఆవిడ పంపిన అస్తరు మీద
కొలతల పక్కన, చీమల్లాంటి అక్షరాలు:
"మంచు కూడా వరసలో నిలబడి బస్సెక్కింది."

నవ్వుకున్నాను.
ఇస్త్రీ పెట్టె దించాను.
బుస్సుమంది.
మంచూ లేదు, బస్సూ లేదు.

మర్నాడు ఇంకోటి:
"మామగారి దగ్గు గుమ్మందాకా వచ్చి
నన్ను సాగనంపుతుంది."
దాన్నీ చెరిపాను. ఆ పై రోజుదాన్నీ.

ఉండబట్టలేక అడిగాను,
కాగితం మీద రాసుకోవచ్చుగా అని.
"ఇంట్లో కూర్చుంటే నిద్రొస్తుంది,"
దారం పంటితో తెంపింది.
"ఇక్కడైతే ఎలాగూ కూర్చునే ఉన్నాను."
మరి నేను చెరిపేస్తున్నానే?
"చదివాకే కదా."

ఎందుకో కోపం వచ్చింది.
ఎవరి మీదో రాత్రి పడుకునేదాకా తెలీలేదు.

మా బీరువా మీద, దుప్పట్ల మూట వెనక,
ఒక కొముజ్ ఉంది. ఆప్రికాట్ చెక్క, మూడు తీగలు.
నడిమి తీగ తెగింది.
తీరిక దొరికాక వేద్దామనుకున్నాను.
ఈలోపు మావాడికి మీసాలొచ్చాయి.

అక్టోబరులో పెద్ద ఆర్డరు పడింది.
నాలుగు వేల కోట్లు, తొడుక్కునేవి.
పన్నెండు గంటల పని.
సైరాగుల్ వాక్యాలు పొట్టివయ్యాయి.
అయిదు మాటలు. రెండు.
ఒకరోజు ఒక్కటే: "ఉల్లిపాయలు."
అది కవిత్వమో బజారు చిట్టానో
ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ తర్వాత, ఏమీ లేదు.
అస్తరు తిరగేశాను, బోర్లించాను, లైటుకి పట్టాను.
అరవై రెండు. నలభై ఒకటి. అంతే.
"ఏం వెతుకుతున్నావ్?" మేస్త్రీ అరిచాడు.
ముడతలు, అన్నాను.

ఆ ఆదివారం ఓష్ బజారుకెళ్ళి
గాలపు దారం ఒక చుట్ట కొన్నాను.
తీగకి అదే వాడతాం మేము.
"ఏ చేపకి?" అడిగాడు కొట్టువాడు.
ఇంకా పడలేదు, అన్నాను.

రాత్రి టీకి నీళ్ళు పడేసి
అవి మరిగేలోపు వాయించాను.
వాయించానని కాదు, శ్రుతి చేశాను.
పక్కింటామె గోడ మీద కొట్టింది.
మర్నాడూ నీళ్ళు మరిగేలోపే.
వేళ్ళ చివర్లు ఇస్త్రీకి కాలి మొద్దుబారాయి,
తీగ ఎక్కడుందో అవి అడిగి తెలుసుకోవాలి.
అయిదో రోజుకి పాత రాగం సగం దొరికింది,
ఒక తప్పు స్వరంతో సహా.

సోమవారం, పాడైన గుడ్డముక్క మీద
నా సొంత సబ్బుతో రాసి
ఆవిడ మిషను మీద పెట్టాను:
"మంచు ఇంకా బస్సు దిగలేదా?"

చదివింది. తల ఎత్తలేదు.
మధ్యాహ్నం కట్టలో ఆరో ఎడమ చెయ్యి:
"దిగింది. చిల్లర కోసం నిలబడింది."

ఆ ఒక్క అస్తరూ నేను ఇస్త్రీ చెయ్యలేదు.
మడిచి, మేస్త్రీ అటు తిరిగినప్పుడు
కట్ట మధ్యకి తోశాను.
ఏ చలి ఊళ్ళోనో, ఎవరి మోచేతి దగ్గరో,
వాళ్ళకి తెలీకుండా
మంచు చిల్లర అడుగుతూ ఉంటుంది.

మా కెటిల్ పాతది, అడుగున సున్నం పేరుకుంది,
నీళ్ళు మరగడానికి యుగం పడుతుంది.
కొత్తది కొందామంటుంది మా ఆవిడ.
ఇంకొన్నాళ్ళు ఆగుదాం, అన్నాను.