పూలకూజా పగిలిన ఎపిసోడ్

బ్రిడ్జ్‌పోర్ట్‌లో, రైలు వంతెన కింద,
నాణేలేస్తే బట్టలుతికే మా దుకాణంలో
గురువారం రాత్రి తొమ్మిదింటికి
టీవీ సౌండు నేనే పెంచుతాను.
రిమోట్ నా ఏప్రన్ జేబులో ఉంటుంది.
ఈ ఊళ్లో నాకున్న అధికారం అదొక్కటే.

పదకొండో నంబరు డ్రయర్‌లో ఏదో టకటకమంటోంది,
గుండీ అయ్యుంటుంది.
అయినా అందరికీ వినబడుతూనే ఉంది
ఫెర్న్‌హిల్ రోడ్డులోని ఆ తెల్ల ఇల్లు:
ఆరు పడకగదులు, నలుగురు మనుషులు,
మాటలు వడ్డించని భోజనాల బల్ల.
ఈ వారం కార్డీలియా మొగుడి ఫోన్ చూసింది.
చూసి ఏమీ అనలేదు.
నీలం గాజు పూలకూజాను రెండు చేతులా ఎత్తి
వంటింటి నేల మీదికి వదిలేసింది.

థాడియస్ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాడు,
ఎవరి పక్షమూ తొందరపడి తీసుకోడు.
"తప్పు వాడిదే గానీ,
ఆ ఇంటి మీద అప్పు ఎంతుందో! వాడికి నిద్రెక్కడిది?"
"అప్పుందని నీకెవరు చెప్పారు?"
"అంత పచ్చిక ఉందంటే అప్పుంటుంది."

ట్రినీస్‌కి పదిహేడేళ్లు. కథతో పనిలేదు,
ఆ కర్టెన్ల రంగును ఏమంటారో కావాలి.
వెతికింది, ధర చూసింది,
ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఏడవడానికి ఇంత పెద్ద వంటిల్లా?
పోర్టో ప్రిన్స్‌లో మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాళ్లం,
సరిపోయేది" అంటూ
మదాం ఫిలోజెన్ దుప్పటి కొసలు నా చేతికిచ్చింది.
ఇద్దరం దులిపి, దగ్గరకొచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరకొచ్చాం.
మాట ఎక్కడ ఆగినా
మడత ఎక్కడ పడాలో చేతులకు తెలుసు.

మిగ్దాలియా ఒక్కతే నోరు విప్పలేదు.
మంగళ, శుక్రవారాలు ఆమె వెళ్లేది ఆ తెల్ల ఇళ్లకే,
సెట్ వేసినవి కావు,
రెండు బస్సులు మారితే నిజంగా వచ్చేవి.
ప్రకటనలు మొదలయ్యాక అంది:
"తర్వాతి సీన్లో నేల చూశారా?
ఆవిడ చెప్పుల్లేకుండా నడిచింది.
ఎవరు ఊడ్చారు?"

కాసేపు ఎవరూ పలకలేదు.
తర్వాత అందరూ ఒకేసారి పలికారు,
రాసినవాడు మరిచిపోయాడని,
అవన్నీ చూపిస్తే గంట చాలదని.

"గాజు ఒక్కసారికి పోదు" అంది.
"పెద్దవి చీపురుకి వస్తాయి.
సన్నవి తడి బ్రెడ్డుతో అద్దితే వస్తాయి.
ఒకటి మాత్రం ఫ్రిజ్ కింద దాక్కుని
మూడు వారాలకి దొరుకుతుంది,
మోకాలికి."

"మా మేడం కూడా ఇది చూస్తుంది.
మరీ అతి, మనుషులెక్కడైనా ఇలా ఉంటారా అంటుంది,
కింద నేను తుడవడం అయ్యేదాకా
కాళ్లు సోఫా మీద పెట్టుకుని."

పదకొండో డ్రయర్ ఆగింది.
అది మిగ్దాలియాదే.
పని బట్టలు బుట్టలోకి లాగుతుంటే
ఏప్రన్ మడతలోంచి చిన్నది, నీలంగా,
రేకు మీద టక్కున రాలింది.
గుండీ కాదు.
ఆమె దాన్ని వేలికొసలతో తీసి
కాగితంలో చుట్టింది, మళ్లీ చుట్టింది,
చెత్త ఎత్తే కుర్రాడికి గుచ్చుకోకుండా.

మేమంతా అటే చూస్తున్నాం.

"సౌండు పెంచు" అంది నాతో.
"మొగుడు తిరిగొచ్చినట్టున్నాడు."