మూడు నూళ్లు

పట్నం క్లబ్బువాళ్లు తుక్కు కింద అమ్మేసిన
రెండు పొట్టల తెరచాప పడవ
లారీ దిగి సోమశిల రేవులో
చుక్కానులు లేకుండా పడి ఉంది.
వెనకవైపు నాలుగు ఇత్తడి కొలికిలు
దేన్నో అందుకుందామని నోళ్లు తెరిచి.

వడ్ల మోనాచారి చుట్టూ ఒకసారి తిరిగాడు.
వంగి, ఒక కొలికిలో చిటికెనవేలు పెట్టి చూశాడు.
"ఇది తలుపే గద బిడ్డా.
కీలు ఇదె, ఊచ ఇదె.
దర్వాజ మాత్రం నీళ్లల్ల పెట్టిన్రు."

చెక్కకు కొల్లాపురం పోదామంటే వద్దన్నాడు.
ఆయన వాకిట్లో గోడకు ఏటవాలుగా
నలభై ఏళ్లుగా మిరపకాయలు ఎండబోసుకుంటున్న
టేకు రెక్కలు రెండున్నాయి.
డ్యాం నీళ్లు పాత ఊరి కల్లాల దాకా వచ్చిన రాత్రి
ఇల్లంతా వదిలి వాటినే ఊడదీసి తెచ్చాడట.
కాలనీ ఇంటికి అవి పట్టలేదు,
సర్కారు గుమ్మం జానెడు పొట్టి.

చిత్రిక పడుతుంటే
లోపలి ముఖం మీద కత్తిమొన గీతలు బయటపడ్డాయి,
ఐదైదు చొప్పున, వాళ్లమ్మ పాల లెక్క.
ఆగమన్నాను.
ఆగలేదు.
"ఆ బాకి ఎప్పుడో తీరింది తియ్."
గీతలు చుట్టలు చుట్టలుగా లేచి
ఆయన పాదాల మీద పడ్డాయి.
ఒక్కటి మాత్రం లోతుగా దిగి ఉండి
ఫైబర్ పూత కింద మిగిలిపోయింది.
ఏ రోజు పాలో.

బిగించడం ఒక పూట పని.
సరిచేయడానికి మూడు రోజులు.

గుండు దారం వదిలితే ఎడమది కొస వెనక్కి వాలింది.
"గిట్లుంటె నీ చెయ్యి గుంజుతది" అని
పై కొలికి వెనక పల్చటి రేకుముక్క దోపాడు.
నన్ను టేపు పట్టమన్నాడు.
ముందంచుల నడుమ ఏడడుగుల రెండంగుళాలు.
వెనకంచుల నడుమ అదే, మీద మూడు నూళ్లు.
"మూడు నూళ్లే గదా" అన్నాను.
ఎప్పుడో విశాఖ దిక్కు నుంచి వలలతో వచ్చి
ఈ ఒడ్డునే గుడిసె వేసుకున్న అప్పలకొండ
బీడీ ఆర్పి నవ్వాడు.
"ఆ మూడింటికే నీటికి ఒళ్లు మండుతాదమ్మా."

మండింది.
ఈశాన్యపు గాలి తెర నింపగానే
అడుగు నుంచి రొద మొదలైంది,
గోడ అవతల ఇద్దరు తగువులాడుతున్నట్టు,
మాటలు తెలియవు, కోపం తెలుస్తుంది.
పట్టె పట్టుకున్న చేయి మోచేతి దాకా జుమ్మంది.

అడ్డపట్టె కొసన మర అర చుట్టు. కొలత.
మళ్లీ అర చుట్టు. కొలత.
టేపు మీది అంకెలు నానిపోయాయి.
రెండు నూళ్లు. ఒకటిన్నర.
మధ్యాహ్నం సద్దన్నం, పచ్చిపులుసు,
మళ్లీ మోకాళ్ల లోతు నీళ్లలో.
"ఎద్దులైతె ఒకదాన్నొకటి సూసుకుంటయి" అన్నాడు,
"ఇవి సూసుకోవు. మనమె సూడాలె."

మూడో రోజు పొద్దు వంగేవేళ
ముందు ఎంతో వెనకా అంతే.
ఎక్కమన్నాను.
మెడ మీది తువ్వాలు తీసి దులుపుకున్నాడు.
"మా ఇంటి కప్పు మీదికెల్లి నేను పోను.
నువ్వు పో."

పోయాను.
పడవ తన బరువు మరిచిపోయింది.
పట్టె మీద రెండు వేళ్లు చాలాయి.
కింద ఎక్కడో కల్లాలు, వాడలు,
తలుపు లేని ఒక దర్వాజ.
ఎక్కడన్నది అడగలేదు, ఆయన చెప్పలేదు.
నీళ్లు అంతటా ఒకే రంగు.

ఒడ్డుకు వచ్చేసరికి చీకటి.
ఆయన రాతి మీదే కూర్చుని ఉన్నాడు.
"ఎనక రెండు నురగ గీతలు కలిసినయా?"
"లేదు. కనుచూపు మేర పక్కపక్కనే."
"మంచిది."
కొంచెంసేపాగి,
"సప్పుడు?"
అబద్ధం చెప్పలేకపోయాను.
గాలి విసిరినప్పుడల్లా ఎడమది
ఇంకా కొంచెం మాట్లాడుతోంది.

"అది పాల లెక్క దిక్కు రెక్క" అన్నాడు.
సంచిలో ఆకురాయి వెతికి తీసి
తడి చూసి, మళ్లీ లోపల పెట్టాడు.
"రేపు సూద్దాం."