మూడో మూత

తొమ్మిది రోజుల వానలో, చిలోయె దీవిలో,
వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి కట్టిన ఇంజన్.
పొయ్యి పక్కన గాస్కెట్ ఆరింది.
బంగాళాదుంపల గిన్నెలో వాల్వు స్ప్రింగులు
కిరసనాయిలు తాగుతూ పడుకున్నాయి.
కాస్త్రో లేత్ షాపులో సాన పట్టించిన క్రాంకుకి
తిరుగు బస్సులో విడిగా టికెట్ కొన్నాను,
కిటికీ సీటు.

పడవ పేరు పోర్ఫియాదా, అంటే మొండిది.
ఈ ఉదయం దాని కడుపులోకి ఇంజన్ దించి
తాళం తిప్పాను.
టక్.
ఒక్కటే టక్. ఆపైన ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎవరిస్తో వచ్చాడు, గొడుగు లేకుండా, సలహాతో.
"స్టార్టర్ పళ్ళు ఇరుక్కుని ఉంటాయి."
విప్పాం. పళ్ళన్నీ బాగానే ఉన్నాయి,
ఎవరిస్తోవి తప్ప.
"అయితే సిలిండర్లో నీళ్ళు చేరాయి."
ఇంజెక్టర్లు పీకాం. చుక్క రాలేదు.
ముందు నట్టుకి గజం పొడుగు గొట్టం తగిలించి
నేనూ ఎలియాసరూ వేలాడాం.
పడవ ఊగింది. ఇంజన్ ఊగలేదు.

నాలో విచారణ మొదలైంది.
లేత్ షాపువాడు వెంట్రుకవాసి తక్కువ తీశాడా?
రింగుల పెట్టె మీద ఒక అంకె, లోపల ఇంకో సరుకా?
బేరింగు మూతలు నాలుగూ తుడిచి
టీ కప్పుల్లా వరసగా పెట్టింది
పదమూడేళ్ళ మా ఎలియాసర్ కదా, వాడేనా?
నేరం మోపాలనుకుంటే
చేతికందే దూరంలో ఎప్పుడూ ఒక చిన్నవాడుంటాడు.
నోరు తెరిచాను. ఎందుకో మూశాను.

మళ్ళీ తడి తాళ్ళు, మళ్ళీ దుప్పటి.
సంపు విప్పితే కొత్త నూనె కొత్తగానే జారింది.
వేలికి రాసుకుని దీపం దగ్గర చూశాను:
మెరుపు లేదు.
అంటే ఇది ఇంకా గాయం కాదు, పట్టు.

మొదటి మూత వదులు చేసి గొట్టం తిప్పాను.
కదల్లేదు. బిగించాను.
రెండోది. కదల్లేదు. బిగించాను.
మూడోది సగం చుట్టు వదిలానో లేదో
క్రాంకు ఒత్తిగిల్లింది,
నిద్రలో పక్కకి తిరిగిన మనిషిలా.

మూత మీద పోతపోసిన బాణం
ముందుకి చూడాల్సింది, వెనక్కి చూస్తోంది.
బిగించింది నేనే.
గురువారం ఆల్చిప్పల లారీ వస్తుందని
ఆ రాత్రి నాలుగూ ఒక్క ఊపున బిగించేశాను,
ఒక్కో మూతకీ ఒకసారి తిప్పి చూడాలని
తెలిసి తెలిసి.
తెలియనివాడికి పుస్తకం ఉంది.
తొందరలో ఉన్నవాడికి ఏముంది?

ఎలియాసర్ ఏమీ అనలేదు.
మూత పక్కన గరుకులో ఒకచోట వేలు పెట్టాడు.
వాళ్ళక్క గోళ్ళరంగుతో ఆ రోజే గీశాడట:
మూడు గీతలు, కింద చిన్న చేప,
తల ఎటుండాలో తెలియడానికి.
పిల్లచేష్ట అనుకుని
థిన్నర్ గుడ్డతో నేనే తుడిచేశాను.
తోక మిగిలింది.

బేరింగు రేకు మీద సన్నగా ఒక గీత పడింది.
గోటికి తగిలీ తగలనట్టుంది.
పనికొస్తుందంటాడు ఎవరిస్తో.
రాదంటాను నేను.
లారీ వస్తే రానీ.
ఆరున్నర బస్సుకి రెండు టికెట్లు తీసుకున్నాను.
కిటికీ సీటు ఎలియాసర్‌ది.
ఆ గోళ్ళరంగు సీసా జేబులో వేసుకున్నాడో లేదో
అడగడానికి ఇంకా మొహం చెల్లలేదు.